జూలైలో మండిన అరికాళ్ళు

మా అక్క మిరపకాయని చెవితో చూసేది. కళ్ళంలో ఆరబోసిన కాయల్లోంచి ఒక గుప్పెడు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "ఇంకా గింజ మోగట్లేదు, రెండెండలు కావాలి" అనేది. మోగితే ఆ సాయంత్రమే కాయ కుప్ప వేయించి పట్టా కప్పించేది. మా బావ ముప్పై ఏళ్ళు మిరప సాగు చేశాడు గానీ, కాయ ఏ రోజు ఎత్తాలో ఒక్కసారి కూడా సొంతంగా నిర్ణయించలేదు. ఈ సంగతి ఆయన బయట చెప్పడు. నేనూ ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు.

నేను సత్తెనపల్లిలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. అక్కావాళ్ళ ఊరు పిడుగురాళ్ల వెళ్ళే దారిలో, బండి మీద ఇరవై నిమిషాలు. ప్రతి ఆదివారం వెళ్తాను. వెళ్ళడానికి కారణం ప్రేమ అని చెప్పుకుంటాను. అక్క చేసే పండుమిరపకాయ పచ్చడికి కూడా ఇందులో కొంత పాత్ర ఉంది.

మా అమ్మ పోయి ఏడేళ్ళు. పోయేముందు నాలుగేళ్ళు ఆమె మమ్మల్ని గుర్తుపట్టలేదు. మొదట్లో నన్ను పాలవాడనుకునేది. తర్వాత ఆ హోదా కూడా పోయింది. ఆ నాలుగేళ్ళూ అక్కే అమ్మని తన ఇంట్లో పెట్టుకుని, అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఒక్కో ముద్దకీ "నువ్వెవరమ్మా?" అని అడిగేది అమ్మ. "నీ కూతుర్నే, తిను" అనేది అక్క. అలా ఒక పూటకి పదిహేను ముద్దలు, పదిహేను పరిచయాలు.

అందుకే అమ్మ పోయాక మా ఇద్దరికీ ఒక కొత్త అలవాటు పుట్టింది. ఇద్దరిలో ఎవరైనా తెలిసిన మాట గుర్తురాక ఆగితే, రెండోవాళ్ళు చప్పున మొహంలోకి చూసేవాళ్ళు. అది వెతుకుతున్న చూపు. అమ్మ జబ్బు మాలో ఎవరికి వస్తుందా అని.

నా మటుకు నేను జాగ్రత్తపడ్డాను. యాభై దాటగానే, మెదడు బొమ్మ ఉన్న విటమిన్ బిళ్ళల సీసా ఒకటి కొన్నాను. ఆ మెదడు బొమ్మలో మెరుపులు కూడా వేశారు. రోజుకొకటి. ఉదయం పళ్ళు తోముకుంటూ, మెదడు నుంచి బయల్దేరే కపాల నాడులు పన్నెండింటి పేర్లూ వరసగా అప్పజెప్పుకునేవాణ్ణి. తొమ్మిదోదాని దగ్గర తడబడితే ఆ రోజు కాఫీ రుచించేది కాదు. ఒకసారి బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తురాక, సీసాలోవి మంచం మీద పోసి లెక్కపెడుతుంటే మా ఆవిడ చూసింది. "వేసుకున్నారు. నేను చూశాను. పనిచేస్తున్నట్టు మాత్రం కనపడట్లేదు" అంది.

అక్కకి కూడా ఏదో ఒకటి చెయ్యాలనిపించి, 'ఈ' విటమిన్ గోళీలు తీసుకెళ్ళాను. అక్క ఒకటి వెలుగులో పెట్టి చూసింది.

"పచ్చగా ఉందేంట్రా, పురుగుమందా?"

"కణాలు దెబ్బతినకుండా కాపాడుతుందక్కా. మెదడుకి మంచిది."

నెల తర్వాత ఎలా ఉందని అడిగితే, "బ్రహ్మాండంగా పనిచేస్తోందిరా, పగుళ్ళన్నీ పూడినై" అని మడమలు చూపించింది. గోళీని సూదితో పొడిచి రాసుకుంటోందట. మెదడు దాకా వెళ్ళాల్సింది మడమ దగ్గరే దిగిపోయింది.

నేను తీసుకెళ్ళేవాటిలో అక్క నోట్లో వేసుకునేది ఒక్కటే, గ్యాస్ బిళ్ళ. మా వైపు కారం తినలేని మనిషిని కాస్త అనుమానంగానే చూస్తారు. దాంతో ఇంటింటా కడుపులో మంట, ఇంటింటా పరగడుపున గ్యాస్ బిళ్ళ. అక్కకి పన్నెండేళ్ళ కిందట ఎవరో డాక్టరు పదిహేను రోజులకి రాశాడు. ఆ పదిహేను రోజులు ఎప్పుడు అయిపోయాయో ఎవరూ గమనించలేదు. ప్రతి నెలా సత్తెనపల్లి నుంచి మూడు అట్టలు పట్టుకెళ్ళి, కూరగాయల సంచిలో పెట్టి ఇచ్చేది నేనే. దానితోపాటు ఆమెకి షుగరు బిళ్ళ కూడా ఉంది, అది ఇంకా పాతది.

ఏణ్ణర్ధం కిందట, జూలైలో ఒక ఆదివారం, అక్క వసారాలో కూర్చుని అరికాళ్ళు నేలకేసి రుద్దుకుంటోంది.

"ఏరా, అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టుందిరా. వేళ్ళల్లో చీమలు పాకుతున్నట్టు."

లోపల్నుంచి బావ గట్టిగా అన్నాడు. బావకి గట్టిగా తప్ప వేరే రకంగా మాట్లాడటం రాదు. "ముప్పయ్యేళ్ళు మిరపకాయలు తొక్కింది. మండక చల్లగా ఉంటయ్యా? నాకు చేతులు మండట్లా? ఊరందరికీ మండట్లా?"

నిజమే. మా ప్రాంతంలో మంట అనేది జబ్బు కాదు, వృత్తి. కళ్ళం రోజుల్లో ఆడవాళ్ళు చంటిపిల్లల మొహం తుడవాలంటే మోచేతులు వాడతారు. చేతులకి ఆముదం, కాళ్ళకి మజ్జిగ. మంటగా ఉంది అంటే ఎందుకని అడిగే ఆచారం మాకు లేదు.

"ఆముదం రాసుకో అక్కా" అన్నాను. ఎమ్మెస్సీ జువాలజీ చదివి నేనిచ్చిన సలహా అది.

అక్టోబరులో అక్క నన్ను చేను చూపించడానికి తీసుకెళ్ళింది. వాన వెలిసిన రేగడి నేల, అడుగు తీస్తే అర కిలో మట్టి వస్తుంది. గట్టు మీద నా ముందు నడుస్తున్న అక్క కాళ్ళకేసి చూస్తే, ఒక కాలికే చెప్పుంది.

"రెండో చెప్పేదక్కా?"

అక్క ఆగి కిందికి చూసుకుంది. వెనక్కి చూస్తే ఇరవై అడుగుల అవతల బురదలో దిగబడి ఉంది చెప్పు.

"అరె, ఎప్పుడు జారిపోయిందిరా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. చెప్పు తెచ్చి ఇచ్చాను. మర్నాడు క్లాసులో, నాడీకణం బొమ్మ గీస్తూ ఉండగా ఆ చెప్పు గుర్తొచ్చింది. జారిన చెప్పుని మర్చిపోవడం వేరు. ఒట్టి కాలు చల్లటి బురదలో దిగుతుంటే తెలియకపోవడం వేరు. అంతవరకూ ఆలోచించి, గంట కొట్టడంతో ఆపేశాను.

ఫిబ్రవరిలో కాయ కళ్ళానికి వచ్చింది. తెల్లబారిన తాలు కాయల్ని ఏరి, ఎర్రటివాటిని వేరుచెయ్యడం కూలీలతో పాటు అక్క కూడా కూర్చుని చేసే పని. కూర్చున్న చోట ఎడంపక్క తాలు, కుడిపక్క మంచికాయ. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి కళ్ళంలో మాటలు లేవు. నోళ్ళు ఊరుకోని మనుషులు ఎనిమిదిమంది, తలలు వంచుకుని ఏరుతున్నారు. అక్క ఎడంపక్క ఎర్రటి కుప్ప ఉంది. కుడిపక్కన బస్తాలో తాలు కాయలు. మధ్యాహ్నం నుంచీ అలాగే వేస్తోందట.

కూలీల్లో పెద్దావిడ ఒకామె నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "మొదట ఆటపట్టిస్తందనుకున్నాం బాబూ. నవ్వాం కూడా. తర్వాత నవ్వు రాలేదు."

అక్క తలెత్తి నన్ను చూసింది. మొహం మామూలుగానే ఉంది. "ఎప్పుడొచ్చావురా? అమ్మకి అన్నం పెట్టారా?" అంది.

నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. 'పెట్టారు' అనే చెప్పి ఉంటాను. ఏడేళ్ళ క్రితం చనిపోయిన మనిషి భోజనం గురించి కళ్ళంలో నిలబడి వాదించలేం కదా.

బావని పక్కకి తీసుకెళ్ళి గుంటూరు పెద్ద డాక్టరుకి చూపిద్దామన్నాను.

"మబ్బు పట్టింది, కాయంతా కళ్ళంలో ఉంది. ఇప్పుడెక్కడికి?"

"బావా, అమ్మకి కూడా ఇట్టాగే మొదలైంది."

"అందుకేరా నేను వద్దనేది!" అన్నాడు. ఈసారి గొంతు గట్టిగా లేదు. "మీ అమ్మని ఎంతమందికి చూపించాం? ఏం చేశారు? వయసు అన్నారు, అంతేగా. తెలుసుకుని ఏం చెయ్యాలి నేను? తెలియకపోతే కనీసం ఈ పంట దాకా..." అని ఆపేసి, పట్టా మీద లేని దుమ్ము దులిపాడు.

రెండు రోజుల తర్వాత ఆయనే ఫోను చేశాడు. ఊరి వాళ్ళకి కళ్ళం అప్పజెప్పాడట. "మందుల సంచి కూడా తెస్తన్నా. ఆ డాక్టరుకి చదువొచ్చుగా, చదువుకోమను."

గుంటూరులో నరాల డాక్టరమ్మ మాటలు తక్కువ మనిషి. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంది. అక్క శనివారం నుంచి బుధవారం దాకా వచ్చి, అక్కడ ఆగి, నా వైపు చూసింది. పరీక్ష హాల్లో పాతికేళ్ళుగా పిల్లలు చూసే చూపు అది. నేను ఎప్పుడూ చేసినట్టే తల తిప్పుకున్నాను. తర్వాత డాక్టరమ్మ శ్రుతిదండాన్ని బల్లకేసి కొట్టి, మోగుతుండగా అక్క చీలమండ మీద ఆనించింది.

"మోగుతోందా అమ్మా?"

అక్క కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నది. అచ్చంగా కళ్ళంలో గుప్పెడు కాయలు ఆడించి వినేటప్పటి మొహం.

"మోగట్లేదండీ" అంది.

మోకాలి దాకా వచ్చాక గానీ మోగలేదు. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమంటే, అక్క పక్కకి వాలిపోయింది. బావ ఎలా అందుకున్నాడో తెలియదు, మేమెవరం కదిలేలోపే పట్టుకుని ఉన్నాడు.

"కాళ్ళు మండుతున్నాయా?" అంది డాక్టరమ్మ.

"మిరపకాయలు కదండీ" అన్నాం ముగ్గురం ఒకేసారి, ఆమెకేదో మా వృత్తి రహస్యం చెబుతున్నట్టు.

"ఎప్పుడు మొదలైంది?"

"జూలైలో" అన్నాను.

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "మాదీ ఈ జిల్లానే అండి. జూలైలో మీ ఊళ్ళో మిరపకాయలు ఎక్కడ ఎండబెడతారు?"

బావ, "జూలైలో నారు పోస్తామండీ" అన్నాడు. ఆయన అంత చిన్నగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఆమె మందుల సంచి బల్ల మీద గుమ్మరించి, గ్యాస్ బిళ్ళల అట్ట చేతిలోకి తీసుకుంది. "ఇవి ఎన్నాళ్ళ నుంచి? ఎవరు రాశారు?"

"పన్నెండేళ్ళు అండీ. మా తమ్ముడే తెస్తాడు" అంది అక్క. "ఒక్క నెల కూడా తప్పలేదు" అని నా తరఫున గర్వంగా చేర్చింది.

రక్తం రిపోర్టు వచ్చాక తెలిసింది. బీ ట్వెల్వ్ చాలా తక్కువగా ఉంది. గ్యాస్ బిళ్ళా షుగరు బిళ్ళా ఏళ్ళ తరబడి కలిపి వాడితే కొందరికి, తిన్న తిండిలోని ఆ విటమిన్ ఒంటికి పట్టదట. అది లేకపోతే నరాల మీది పొర దెబ్బతింటుంది. కాళ్ళ నుంచి మొదలవుతుంది, మెదడునీ వదలదు. డాక్టరమ్మ ఓపిగ్గా చెబుతుంటే నేను తలూపుతూ కూర్చున్నాను. ఆ పొర గురించి పాతికేళ్ళుగా ఏటా డాక్టర్లవుతామనే పిల్లలకి చెబుతున్నాను, కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిదని. బీ ట్వెల్వ్ లోపం ఒక మార్కు ప్రశ్న. సమాధానం నిద్రలో కూడా చెప్పగలను. అయితే ఆ ప్రశ్న మా అక్క కాళ్ళు రుద్దుకుంటూ అడుగుతుందని అనుకోలేదు.

"ఇది మా అమ్మకి వచ్చింది కాదు కదండీ?" అని అడిగాను. వచ్చినప్పట్నుంచీ అడగాలనుకున్నది అదొక్కటే.

"ఇప్పుడే చెప్పలేనండి. లోటు మాత్రం ఉంది, దాన్ని పూడుద్దాం. ఎంత తేరుకుంటారో చూస్తే అప్పుడు తెలుస్తుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు."

మనసు ఊరుకోక, మెరుపుల మెదడు సీసా గురించి కూడా అడిగాను. అలాంటివి వేసుకుంటే మెదడు కణాలకి రక్షణ ఉంటుందా అని.

"లోటున్నవాళ్ళకి విటమిన్ మందండి. లోటు లేనివాళ్ళకి మహా అయితే మూత్రం రంగు మారుతుంది" అంది.

తిరిగి వస్తుంటే కారులో అక్క కిటికీకి తలానించి నిద్రపోయింది. బావ ముందు సీట్లో ఉన్నాడు. రోడ్డుకి రెండు వైపులా కళ్ళాలు, ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు. బావ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మీ అమ్మ కూడా బకెట్లో నీళ్ళు పోయించుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చునేది కదరా."

గుర్తుంది. వసారాలో, నీలం బకెట్టు. ఏ నెలలోనో మాత్రం నాకు గుర్తులేదు. ఎండాకాలమా, వానాకాలమా అని ఆ రోజు నుంచీ వెతుకుతున్నాను. బకెట్టు రంగు వస్తుంది గానీ నెల రాదు.

"అది మిరపకాయల వల్ల బావా" అన్నాను.

"అంతేలే" అన్నాడు బావ.

ఇంజెక్షన్లు మొదట రోజూ, తర్వాత వారానికి, ఆ తర్వాత నెలకి. ఊళ్ళో కాంపౌండరు పని చేసే సాయిబు గారు ఇంటికొచ్చి ఇచ్చేవాడు. ఆయన చెయ్యి తేలిక అని అక్కకి నమ్మకం. మొదటి రోజు సూదిలో ఎర్రటి మందు చూసి అక్క, "ఏందయ్యా, నరాల్లోకి కారం ఎక్కిస్తన్నావా?" అంది.

"గుంటూరు కారం కాదక్కయ్యా, చప్పటిదే" అన్నాడాయన.

గ్యాస్ బిళ్ళ ఆపేశారు. షుగరు బిళ్ళ మార్చారు. నెలరోజుల పాటు అక్కకి కడుపులో మంట, కాళ్ళలో మంట రెండూ కలిసి ఉన్నాయి. ఒక ఆదివారం ఉండబట్టలేక చెప్పేశాను. "ఆ బిళ్ళలన్నీ తెచ్చింది నేనేనక్కా."

"తెలుసు, సంచి కూడా నీదేగా" అంది. "మంచికేగా తెచ్చావు. ఈసారి నుంచి మాత్రం వట్టి చేతుల్తో రా. నువ్వు తెస్తే భయమేస్తంది" అంది.

ఆగస్టుకి చెప్పులు కాళ్ళని వదలడం మానేశాయి. దసరాకి వారాల పేర్లు వెనక నుంచి ఆదివారం దాకా వచ్చింది. నేను అడగలేదు, తనే చెప్పింది, "విను" అని. అమ్మ భోజనం సంగతి మళ్ళీ ఎత్తలేదు. అయితే తాళాలు ఎక్కడో పెడుతుంది. అడిగిందే అడుగుతుంది. చిన్నప్పుడు నేను గేదె మీద నుంచి పడ్డ కథ ఒకే సాయంత్రం రెండుసార్లు చెప్పింది. కానీ ఆ కథ బాగున్న రోజుల్లో కూడా రెండుసార్లు చెప్పేది, కాబట్టి దాన్ని ఏ ఖాతాలో వెయ్యాలో తెలియదు. మనిషిని ఇంత దగ్గరగా చూస్తే ఎవరైనా అనుమానంగానే కనిపిస్తారు. ఆ లెక్కన మా బావకి పుట్టినప్పట్నుంచీ వైద్యం చేయించాలి.

ఈ ఫిబ్రవరిలో మళ్ళీ కాయ కళ్ళానికి వచ్చింది. నేను వెళ్ళేసరికి అక్క కూలీల మధ్య కూర్చుని తాలు ఏరుతోంది. ఈసారి కళ్ళమంతా గోలగోలగా ఉంది, ఎవరో ఎవరి అల్లుడి గురించో చెబుతున్నారు. ఆ గోల వినగానే సగం ఊపిరి పీల్చుకున్నాను. మిగతా సగం కోసం, అక్క అటు తిరిగి ఉన్నప్పుడు ఆమె కుడిపక్క మంచికాయలోంచి ఒక దోసెడు తీసి విడదీసి చూశాను. అంతా ఎరుపు. ఇంకో దోసెడు. ఎరుపే. మూడో దోసెట్లో ఒకటి వచ్చింది, పాలిపోయిన తాలు కాయ. ఒకే ఒక్కటి. ఎవరైనా ఒకటి పొరబడతారు. కళ్ళజోడు పెట్టుకుని నేను ఏరితే పది వస్తాయి. ఇలా అనుకుంటూనే దాన్ని జేబులో వేసుకున్నాను.

"ఏరా మేష్టారూ, పేపర్లు దిద్దుతన్నావా?"

అక్క తల తిప్పకుండానే అంది. కూలీలు నవ్వారు.

"లేదక్కా, ఊరికే."

"జేబులోది తియ్యి. అది నేనే వేశా. వెతుకుతావని తెలుసు. కనిపెడతావో లేదోనని వేశా."

అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. కాయ తీసి ఎడంపక్కన వేశాను. అక్క మొహంలోకి చూశాను, మా పాత అలవాటు ప్రకారం. అక్క కూడా నా మొహంలోకి చూసింది. నిజంగానే తెలిసి వేసిందో, తెలియక వేసి నా ముందు కప్పిపుచ్చుకుందో నాకు అంతుపట్టలేదు. మా అక్కకి చిన్నప్పట్నుంచీ రెండూ బాగా వచ్చు.

ఆమె ఒక గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించి, "రేపొక్క ఎండ చాలు" అంది. బావ తలూపి పట్టాలు ఎక్కడున్నాయో చూడటానికి వెళ్ళాడు. నేను ఆకాశంకేసి చూశాను, మబ్బు లేదు.

బండి మీద ఇంటికి వస్తుంటే అరచేతులు మండటం మొదలైంది. వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు దాకా. సత్తెనపల్లి వచ్చేదాకా ఆ మంట గురించే ఆలోచించాను. ఇప్పుడే కదా మూడు దోసెళ్ళు మిరపకాయలు పిసికాను, ఇది ఫిబ్రవరి కదా, ఫర్వాలేదు అనుకున్నాను. అనుకుని, కపాల నాడులు మొదటి నుంచి అప్పజెప్పుకోవడం మొదలుపెట్టాను.